రెండు పుస్తకాలకు 1140 రూపాయల లైబ్రరీ ఫైన్, టీసీ ఆపేశారు. ఏం చేయాలి?

కాలవగట్టు
మా వీధి చివర టిఫిన్ బండి పెట్టుకున్న ఆవిడ కూతురిది ఈ ఏడాది బీకామ్ అయిపోయింది. టీసీ కోసం కాలేజీకి వెళ్తే నో డ్యూస్ (బాకీలేమీ లేవనే) ఫారం చేతిలో పెట్టి అన్ని చోట్లా సంతకాలు పెట్టించుకు రమ్మన్నారు. ఆఫీసు అయింది, కంప్యూటర్ ల్యాబ్ అయింది, లైబ్రరీ దగ్గర ఆగిపోయింది. రెండు పుస్తకాలు, 285 రోజులు ఆలస్యం, పుస్తకానికి రోజుకు 2 రూపాయలు, మొత్తం 1140. నేను ఆ పుస్తకాలు తెప్పించి వెనక అట్ట మీద ధర చూశాను. ఒకటి 235, ఇంకోటి 195. రెండూ కొత్తవి కొనిచ్చినా ఇంకా 710 రూపాయలు మిగులుతాయి.

ఆలస్యం ఎందుకైందంటే, వాళ్ళమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయితే రెండు నెలలు ఈ పిల్లే బండి నడిపింది. తెల్లవారుజామున నాలుగింటికి పిండి రుబ్బడం దగ్గర్నుంచి అన్నీ తనే. మళ్ళీ కాలేజీకి వెళ్ళేసరికి ఫైన్ 240 అయింది. ఆ రోజు చేతిలో అంత లేదు, వచ్చే వారం కడదామనుకుంది, వచ్చే వారం ఇంకో 28 పెరిగింది. పుస్తకాలు పోలేదు, చిరగలేదు, న్యూస్‌పేపర్ అట్టలేసి బీరువాలో పెట్టింది. ఇవ్వడానికి వెళ్తే ఫైన్ కట్టమంటారన్న భయంతో అసలు ఇవ్వడమే మానేసింది. మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా? తగ్గించమని అడగొచ్చా?

లెక్కల_మాస్టారు
ఏమీ అనుకోకండి, ఆ అమ్మాయి కష్టం నాకు అర్థమైంది. కానీ ఆ 285 రోజులూ ఆ పుస్తకం ఇంకో పిల్లకు దొరకలేదు కదా? మా రోజుల్లో క్లాసులో అరవై మందిమి ఉంటే లైబ్రరీలో మూడు కాపీలు. ఒకడు తీసుకెళ్ళి పరీక్షలయ్యేదాకా ఇచ్చేవాడు కాదు, మిగతా యాభై మందీ వాడి ఇంటి చుట్టూ తిరిగేవాళ్ళం. ఆ యాభై మందీ కూడా పేదపిల్లలే. డబ్బున్నవాడు సొంతంగా కొనుక్కునేవాడు. ఫైన్ తీసేస్తే పుస్తకం ఎవడు తెచ్చిస్తాడో చెప్పండి. రూల్ పెట్టాక అందరికీ ఒకటే ఉండాలి.

కాలవగట్టు
మాస్టారూ, మీరే ఒక లెక్క కట్టండి. బండి మీద ఖర్చులు పోను రోజుకు 300 మిగిలితే ఆవిడకు మంచి రోజు. 1140 అంటే దాదాపు నాలుగు రోజుల తిండి. నా జీతంలో అది ఒక పూట సంపాదన కూడా కాదు. రూల్ ఒకటే, నిజమే. దెబ్బ ఒకటేనా?

చికాగో_చలి
నేను ఇక్కడికొచ్చిన కొత్తలో డిపెండెంట్ వీసా మీద ఉండేదాన్ని. పని చేయడానికి లేదు, బాబుకు మూడేళ్ళు, బయట మంచు. లైబ్రరీ ఒక్కటే దిక్కు. ఒకేసారి పాతిక బొమ్మల పుస్తకాలు తెచ్చేదాన్ని, వాటిలో ఒకటి సోఫా కింద, ఒకటి కారు సీటు కింద దొరికేది, ప్రతి నెలా ఎంతో కొంత ఫైన్ పడేది. మా ఆయన కార్డు గీకి కట్టేసేవాడు, అక్కడితో సరి. మేము తిట్టుకున్నది లేదు, మారిందీ లేదు. ఇప్పుడు తలుచుకుంటే మాకది పార్కింగ్ టికెట్ లాంటిది. అంటే డబ్బున్నవాళ్ళకు ఫైన్ వల్ల క్రమశిక్షణ కూడా రాదు మాస్టారూ, ఆలస్యం చేసే హక్కు కొనుక్కున్నట్టే.

చికాగో సిటీ లైబ్రరీ 2019 అక్టోబరులో ఆలస్య రుసుము పూర్తిగా ఎత్తేసింది, పాత బాకీలు కూడా కొట్టేసింది. ఎందుకంటే వాళ్ళ సొంత లెక్కలోనే, పేదలు ఎక్కువగా ఉండే దక్షిణ భాగంలో ప్రతి ముగ్గురు కార్డుదారుల్లో ఒకరు పుస్తకం తీసుకునే వీల్లేకుండా ఆగిపోయి ఉన్నారు. ఉత్తర భాగంలో ఆరుగురిలో ఒకరు. ఆగిపోయిన కార్డుల్లో అయిదింట ఒకటి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలది! మాస్టారు అడిగిన దానికి కూడా జవాబు ఇక్కడే ఉంది. ఫైన్ తీసేశాక పుస్తకాలు తేవడం మానలేదు, మొదటి వారాల్లో పాత పుస్తకాలు తిరిగిరావడం 240 శాతం పెరిగిందని లైబ్రరీయే చెప్పింది. కాలవగట్టు గారి వీధిలో అమ్మాయి లాంటివాళ్ళే అనుకుంటా, ఇంట్లో దాచుకుని భయపడుతున్నవాళ్ళు. పోగొట్టిన పుస్తకానికి మాత్రం ఇప్పటికీ ధర కట్టాల్సిందే, అది తీసెయ్యలేదు.

న్యూయార్క్ 2021లో ఎత్తేసింది. అంతకుముందు అక్కడ 15 డాలర్లు దాటితే కార్డు బ్లాక్, అలా నాలుగు లక్షల మంది. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు తేల్చినది నాకు ఇంకా గట్టిగా గుర్తుండిపోయింది. ధనికులూ పేదలూ ఆలస్యం చేయడంలో పెద్ద తేడా లేదు, కట్టలేక ఆగిపోవడంలోనే తేడా.

జీడిమామిడి
అక్కా, చికాగో సంగతులు బాగున్నాయి గానీ అక్కడ ఒక పుస్తకం పోతే పది కొంటారు. మా మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం రేకుల షెడ్డులో ఉంది, వానొస్తే బల్లలు మధ్యకు లాగుతారు. కొత్త పుస్తకం వచ్చి ఎన్నాళ్ళైందో అక్కడి మనిషికే తెలీదు. అక్కడ ఫైన్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

పాత_క్యాటలాగు
ముప్పై రెండేళ్ళు గ్రంథాలయ శాఖలో చేసి రిటైరయ్యాను. మీ అందరి కంటే ఫైన్ వసూలు చేసింది నేనే కాబట్టి నాలుగు మాటలు చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ఫైన్ వల్ల లైబ్రరీలకు డబ్బులొస్తాయని ఎవరైనా అనుకుంటే అది భ్రమ. నెలంతా పైసా పైసా వసూలు చేస్తే వంద రూపాయలు దాటిన నెలలు తక్కువ. దానికి రసీదు పుస్తకం, రిజిస్టరు, బ్యాంకులో జమ, ఆడిట్‌లో ఒక పేజీ. ఆ పని చేసే గంటల జీతం లెక్కేస్తే నష్టమే. గ్రంథాలయాలు నడిచేది సెస్సు మీద. 1960 నాటి చట్టం ప్రకారం మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మునిసిపాలిటీలు, పంచాయతీలు అది వసూలు చేసి మాకు జమ చెయ్యకుండా ఏళ్ళ తరబడి బాకీ పెడతాయి. వాళ్ళ మీద రోజుకు రెండు రూపాయల ఫైన్ ఎవరూ వెయ్యరు. ఇంకొకటి, ఇంటి యజమాని ఆ పన్ను అద్దెలో కలిపేస్తాడు, కాబట్టి అద్దె గదిలో ఉండే కూలివాడు కూడా లైబ్రరీకి కట్టినట్టే. కట్టాడని వాడికీ తెలీదు, మనకూ గుర్తుండదు.

ఇక అసలు సంగతి. మేమెందుకు అంత కఠినంగా ఉంటామని అందరూ తిడతారు. స్టాకు వెరిఫికేషన్‌లో పుస్తకం తగ్గితే మా మీద రాస్తారు. నేను రిటైరైనప్పుడు నా పెన్షన్ కాగితాలకు కూడా నో డ్యూస్ కావాల్సి వచ్చింది, పాతికేళ్ళ కిందట ఎవరో తీసుకెళ్ళి ఇవ్వని పుస్తకాలకు నేను సొంత డబ్బు కట్టి సంతకం తెచ్చుకున్నాను. ఆ అమ్మాయికీ నాకూ తేడా లేదు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లో, 2017 నాటివి, 215వ నిబంధన ఉంది. ఏడాదిలో వెయ్యి పుస్తకాలు చేతులు మారితే అయిదు పోవడం సహజమే, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే చాలని అందులో ఉంది. అంత చిన్న మాట మా దాకా ఎవరైనా తెచ్చి చెప్పి ఉంటే నా సర్వీసు వేరేగా ఉండేది.

ఆ భయంతో నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. సభ్యత్వానికి ఎవరైనా వస్తే ముందు మనిషిని చూసేవాణ్ణి. టీచరు గారబ్బాయైతే ఫారం వెంటనే ఇచ్చేవాణ్ణి. చెప్పుల్లేకుండా వచ్చినవాడికి 'ఇక్కడే కూర్చుని చదువుకో నాయనా, ఇంటికి ఇవ్వం' అనేవాణ్ణి. పుస్తకాలు వాడుకోవడానికే అన్న, మన గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారి మొదటి సూత్రం పరీక్షలో రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి, బీరువా తాళాలు మొలతాడుకు కట్టుకుని తిరిగాను.

అశోక్‌నగర్_చాయ్
సార్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఫైన్ పడాలంటే ముందు పుస్తకం చేతికి రావాలె కదా. నేను గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న, ఆరేళ్ళ నుంచి హైదరాబాద్‌లోనే. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని సొంత పుస్తకాలు చదువుకోనిస్తరు, పైసా అడగరు, దానికి దండం పెట్టాలె. పొద్దున్నే పోయి సీటు ఆపుకోకపోతే మెట్ల మీదనే. పుస్తకం ఇంటికి తెచ్చుకుందామని ఇంకో లైబ్రరీకి పోయిన. డిపాజిట్ సరే, ఎట్లనో తెస్త. లోకల్ అడ్రస్ ప్రూఫ్ అన్నరు. నా ఆధార్ నాగర్‌కర్నూల్‌ల ఊరి మీద ఉంది. రూమ్ ఓనర్ రెంట్ అగ్రిమెంట్ రాసియ్యడు, రాస్తే వాళ్ళ పన్ను లెక్కలు బయటపడ్తయని భయం. తర్వాత గెజిటెడ్ ఆఫీసర్ సంతకం అన్నరు. గెజిటెడ్ ఆఫీసర్ అయ్యేందుకే కదన్నా నేను చదువుతున్నది!

చివరికి ఏం చేస్తమంటే, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, లేకపోతే ఒకడు కొంటే ఆరుగురం జిరాక్స్. జేబు బరువున్నోళ్ళు నెలకు ఇంత అని కట్టి ఏసీ స్టడీ హాల్‌ల కూర్చుంటరు. నాకైతే ఆ డబ్బుతోని నెల తిండి సగం వెళ్తది.

సీమరాయి
నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు ఇది. మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరు. ఏడో తరగతిలో ఉండగా మా సార్ పూచీ పడి నాకు లైబ్రరీ కార్డు ఇప్పించినాడు. ఆ ఏడు వేరుశనగ పోయింది. అమ్మానాయన బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోతా మమ్మల్ని కూడా తీసుకుపోయినారు. లారీలో బియ్యం మూట, గిన్నెలు, నా పుస్తకం. నాలుగు నెలల తర్వాత తిరిగి వస్తే రోజుకు పావలా లెక్కన 31 రూపాయల చిల్లర అయింది. అప్పుడు మా అమ్మ కూలి రోజుకు ఎంతో తెలుసు కాబట్టి నేను ఇంట్లో చెప్పనే లేదు. సార్ పూచీ పడినాడు కాబట్టి సార్‌కు కనపడాలన్నా భయం. బడికి పోయేది లైబ్రరీ ముందు నుంచే, నేను చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోయేదాన్ని. పదో తరగతి అయ్యేదాకా అదే దోవ.

మీరందరూ డబ్బు గురించి మాట్లాడుతున్నారు. 31 రూపాయలు ఎట్లనో సర్దుకునేదాన్నేమో. నాకు పోయింది 31 రూపాయలు కాదు, మూడేళ్ళ చదువు. అక్కడ ఒక మూలన పిల్లల పుస్తకాల రాక్ ఉండేది, అందులో సగం నేను చూడనే లేదు. వలస పోయేవాళ్ళకు పద్నాలుగు రోజుల గడువు ఏమి గడువు? ఆ రూలు రాసినాయన ఎప్పుడూ ఒకే ఇంట్లో ఉన్నట్టుంది.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, లోపల ముద్ర కూడా ఉంది. మొన్న ఊరికి పోయినప్పుడు ఇద్దామని బ్యాగులో పెట్టుకున్నాను. ఇవ్వకుండానే తిరిగొచ్చినాను.

లెక్కల_మాస్టారు
సీమరాయి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను పొద్దున్న రాసినదాంట్లో కొంత వెనక్కి తీసుకుంటున్నాను, కొంతే. పుస్తకం ధర దాటి ఫైన్ పెరగకూడదు, ఇది నేను ఒప్పుకుంటాను. వడ్డీ అసలును మించిపోతే దాన్ని మన ఊళ్ళో ఏమంటామో అందరికీ తెలుసు. కానీ మూడే కాపీలున్న చోట గడువుకు విలువ లేకుండా చేస్తే మళ్ళీ నష్టపోయేది కొనుక్కోలేనివాడే. నా ఉద్దేశంలో మొదటి పుస్తకం ఇచ్చేదాకా రెండోది ఇవ్వకపోతే చాలు, డబ్బు ప్రసక్తే వద్దు. ఫోన్‌లో ఒక మెసేజ్ పెట్టి గడువు పొడిగించుకునే వీలుంటే సగం గొడవ ఉండదు. సినిమా టికెట్‌కు మెసేజ్ వస్తోంది, లైబ్రరీ పుస్తకానికి రాదా?

జీడిమామిడి
కట్టలేనివాళ్ళ చేత ఒక శనివారం లైబ్రరీలో పని చేయించొచ్చు. పుస్తకాలకు అట్టలేయడం, నంబర్లు రాయడం. మా హైస్కూల్లో అలా చేశారు, బాగానే ఉండేది.

సీమరాయి
అన్నా, మంచి మనసుతోనే అన్నావు. కానీ ఒక్కసారి ఆలోచించు. కట్టగలిగినోడు వంద కాగితం పడేసి పోతాడు, కట్టలేని పిల్ల అందరి ముందూ కూర్చుని అట్టలేస్తుంది. చూసినోళ్ళందరికీ అర్థమైపోతుంది ఎందుకు వేస్తోందో. అందరి చేతా వేయిస్తే సరే.

జీడిమామిడి
ఇది నాకు తట్టలేదు. నేనూ ఆ అట్టలు వేసిన బ్యాచ్‌లోనే ఉన్నా. కరణం గారబ్బాయి మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు, ఇప్పుడు గుర్తొస్తోంది.

పాత_క్యాటలాగు
మన తాతలు ఈ గొడవను తలకిందులుగా చూశారు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు. జనం పుస్తకం దగ్గరకు రాకపోతే పుస్తకమే జనం దగ్గరకు పోయింది. ఇప్పుడేమో గుమ్మంలోకి వచ్చినవాణ్ణి గెజిటెడ్ సంతకం అడుగుతున్నాం. అశోక్‌నగర్ తమ్ముడూ, నిన్ను నేనూ ఆ సంతకం అడిగి ఉండేవాణ్ణి, మన్నించు.

రెండో_వాయిదా
కోర్టు పక్షిని, సూటిగా చెప్తాను. అడ్మిషన్ అప్పుడు ఇచ్చిన పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ముందు అవి వెనక్కి తీసుకున్నారో లేదో చూసుకోండి. టీసీ, నో డ్యూస్ విషయం దానికంటే కాస్త వేరు, అక్కడ గొడవకంటే అర్జీ మంచిది. ప్రిన్సిపాల్ పేరు మీద తెల్ల కాగితం మీద రాయండి: ఆలస్యానికి కారణం, ఆపరేషన్ డిశ్చార్జ్ కాగితం జిరాక్స్, పుస్తకాలు భద్రంగా ఉన్నాయి, వాటి ధర ఇంత, ఫైన్ ఇంత, ఏ నిబంధన కింద వేశారో, దానికి గరిష్ఠ పరిమితి ఉందో లేదో తెలియజేయగలరు. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోవద్దు. ముద్ర లేని అర్జీ అర్జీ కాదు. ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు, తెల్ల కార్డు ఉంటే ఫీజు ఉండదు.

చికాగో_చలి
కాలవగట్టు గారూ, ఇదంతా తేలేలోపు ఆ అమ్మాయికి ఎక్కడైనా అడ్మిషన్ పోతే? 1140 నేను పంపిస్తాను, నంబర్ పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి.

కాలవగట్టు
చికాగో అక్కా, మీరు రాసిన పది నిమిషాలకే వెళ్ళి అడిగాను. వాళ్ళమ్మ గరిటె తిప్పుతూనే 'ఎవరావిడ, ఎందుకిస్తుంది, మళ్ళీ ఎప్పుడివ్వాలి' అంది. ఇవ్వక్కర్లేదన్నాను. 'అయితే వద్దు బాబూ' అంది. ఎంత చెప్పినా వినలేదు. రెండో_వాయిదా గారు చెప్పినట్టు అర్జీ రాయించాను, రేపు వెళ్తున్నాం.

కాలవగట్టు
ఆరు రోజుల తర్వాత అప్‌డేట్. ఆలస్యమైంది, క్షమించాలి (దీనికి ఫైన్ వెయ్యకండి).

లైబ్రేరియన్ మేడమ్ మంచి మనిషి. అట్టలు విప్పి పుస్తకాలు చూసి, 'ఇంత శుభ్రంగా నా దగ్గరున్నవే లేవు' అంది. కానీ రోజుల లెక్క సాఫ్ట్‌వేరే వేస్తుందట, దాన్లో అంకె చెరపడం ఆవిడ చేతిలో లేదు. ముద్ర వేయించడానికి ఆఫీసులో గంటన్నర నిలబడ్డాం. అర్జీ మీద ముద్ర పడగానే మాట తీరు మారింది, నిజం చెప్పాలంటే నాక్కూడా ఆశ్చర్యమేసింది. నిన్న పిలిచారు. పుస్తకాల ధర మించకుండా 430 కడితే సంతకం పెడతామన్నారు. అమ్మాయి డబ్బు తీసి బల్ల మీద పెట్టి, 'ధర కడుతున్నాను కదా సార్, అయితే పుస్తకాలు నేనే ఉంచుకోవచ్చా?' అంది. క్లర్కు నవ్వాడు. పుస్తకాలూ ఇవ్వాలి, డబ్బూ కట్టాలి అన్నాడు. ఇచ్చేసి, కట్టేసి వచ్చాం.

లెక్కల_మాస్టారు
ఆ పిల్ల కామర్స్ బాగానే చదివింది.

పాత_క్యాటలాగు
రసీదులో ఏమని రాశారు బాబూ? ఫైన్ అనా, పుస్తకం ధర అనా? ధర అని రాస్తే ఆ పుస్తకాలు ఆమెవే అవుతాయి. ఒకసారి ఫొటో పెట్టు.

కాలవగట్టు
'లైబ్రరీ ఫైన్ 430' అని రాశారు సార్. టీసీకి మాత్రం మంగళవారం రమ్మన్నారు, సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో ఉన్నాడట.

అశోక్‌నగర్_చాయ్
రెండో_వాయిదా అన్నా, ఆ అర్జీ నమూనా నాక్కూడా పంపు. గెజిటెడ్ సంతకం ఏ రూల్ కింద అడుగుతున్నరో నేను కూడా ముద్ర వేయించుకుని అడుగుత.